రిసీట్స్ బావ

మా బావ జీతం అనడు, ‘రిసీట్స్’ అంటాడు. కొంపల్లిలో అద్దె ఇల్లు, అందులో ఒక గది ఆయన ఆఫీసు. సాఫ్ట్‌వేర్ పని. కంపెనీవాళ్లు పర్మనెంట్ చేస్తామని వెంటపడినా వద్దని కాంట్రాక్టులోనే ఉండిపోయాడు.

ఇదేం పని అని మా నాన్న నిలదీస్తే బావ కాగితం తీశాడు. ఏడాదికి 19,90,000 జీతంగా తీసుకుంటే 2025-26 కొత్త విధానంలో పన్ను లక్షా తొంభై వేల పైమాటే. అదే కన్సల్టెంటుగా ఆదాయపు పన్ను సెక్షన్ 44ఏడీఏ కింద చూపిస్తే వచ్చినదాంట్లో సగమే ఆదాయం, అంటే 9,95,000. 12 లక్షల లోపే కదా!

“సున్నా, మామయ్యా!” అని కింద రెండు గీతలు గీశాడు.

“మరి పీఎఫ్?”

బావ గీతలు మళ్లీ దిద్దాడు.

డెంగీ వచ్చి పడుకున్నన్నాళ్లు పైసా రాలేదు. “రిసీట్స్ కంట్రోల్లో ఉన్నయ్ బామ్మర్దీ” అని మూలుగుతూనే సంతోషపడ్డాడు. 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్, అదీ భయం. ఆ 18 శాతం కంపెనీయే ఇస్తుంది కదా బావా అంటే, రిటర్నులు నింపేది నువ్వా అంటాడు. బోనస్ మార్చిలో వద్దు, ఏప్రిల్‌లో ఇవ్వండని బతిమాలే మనిషిని షాపూర్‌నగర్ నుంచి శామీర్‌పేట దాకా వెతికినా ఇంకొకణ్ని చూపించలేరు.

పొద్దున తొమ్మిదికి లాగిన్, సెలవుకి మేనేజరు దయ. ఇది ఉద్యోగం కాదా అని రేపు ఐటీ వాళ్లు అడిగితే ఏం చెబుతాడో! నేనడిగితే మాత్రం అగ్రిమెంటు చదివి వినిపించాడు, పూర్తిగా. ఖర్చుల లెక్క చూపించక్కర్లేదు, సగం ఖర్చని చట్టమే ఒప్పుకుంటుంది. అయినా సుచిత్ర దగ్గర తాగిన చాయ్ బిల్లు కూడా చెప్పుల డబ్బాలో దాస్తాడు. ఎందుకంటే జవాబు లేదు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టంలో ఆ సెక్షన్ నంబరు మారిందని తెలిసిన రోజు అన్నం సరిగ్గా తినలేదని అక్క చెప్పింది.

తిట్టుకుందామంటే జులైలో కాలనీ పెద్దవాళ్లందరికీ ఊరికే రిటర్నులు వేసిపెడతాడు, వాళ్లింట్లో టీ కూడా ముట్టడు. నాకూ ఏడు వేల టీడీఎస్ వాపసు తెప్పించాడు. అప్పట్నుంచి ఆయన మాట్లాడుతుంటే మధ్యలో లేవడం మానేశాను. పైగా ఈమధ్య పెట్రోలు బంకులో బిల్లడిగి తీసుకుంటున్నాను. నాది నెల జీతం, దాంతో నాకేం పనో!

అక్కకు బహదూర్‌పల్లిలో ఫ్లాటు నచ్చింది. లోనుకని బ్యాంకుకు వెళ్లారు. మేనేజరు రిటర్ను తిరగేసి, ఈ ఆదాయానికి అంత రాదన్నాడు.

“అది సగమే సార్, అసలు వచ్చేది దీనికి రెట్టింపు.”

“మీరు సంతకం పెట్టింది ఈ అంకె కిందనే కదండీ.”

ఇంటికొచ్చేదాకా అక్క మాట్లాడలేదు. బావ కాళ్లు కడుక్కుని, క్యాలిక్యులేటరు పట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి వంటింట్లోకి కేకేశాడు: “ఏమేవ్, ఇరవై ఏండ్లల్ల ఎంత వడ్డీ మిగిలిందో తెలుసా?”