పికప్పు బండిలో నాదోపాసన

పికప్పు బండి సరుకు మోయడానికి పుట్టిన వాహనం. నిచ్చెన ఆకారంలోని ఉక్కు చట్రం మీద ముందు మనుషుల క్యాబిన్, వెనక సరుకు తొట్టి విడివిడిగా బిగించి, వెనక ఇరుసుకు కమాను కట్టలు వేసి తయారుచేసే ఈ బండి, తొట్టిలో బరువు ఉన్నప్పుడు బుద్ధిగా నడిచి, ఖాళీగా ఉన్నప్పుడు దారిలోని ప్రతి గుంతను యజమాని వెన్నుపూసలకు వేరువేరుగా నివేదిస్తుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016లో పని మొదలుపెట్టి రెండు వరసల సీట్లున్న డీమ్యాక్స్ వీక్రాస్‌ను తయారుచేయడం, 2022లో టయోటా హైలక్స్ భారతదేశానికి రావడం వంటి పరిణామాల వల్ల, తొట్టిలో టమాటా ట్రేలు గాని ఎరువు బస్తాలు గాని ఎన్నడూ వేయని యజమానుల వర్గమొకటి ఏర్పడింది. ఈ వర్గపు మొదటి లక్షణం ఖాళీ తొట్టి. రెండవది, బండిలో పాటలు సరిగా వినబడడం లేదన్న తీరని దిగులు. ప్రస్తుత పరిశీలన ఆ దిగులుకు, దాని నివారణకై జరిగే ఖర్చుకు, ఆ ఖర్చు తర్వాత పుట్టే కొత్త దిగుళ్లకు పరిమితం.

బండిలో పాట వినాలన్న కోరిక కొత్తది కాదు. 1930లో అమెరికాలోని షికాగోలో పాల్ గాల్విన్ కంపెనీ కారులో బిగించే రేడియోను ‘మోటరోలా’ పేరుతో అమ్మకానికి తెచ్చినప్పుడే, కారులో పాటకు మొదటి శత్రువు కారేనని తేలిపోయింది. పెట్రోలు ఇంజనులోని స్పార్క్ ప్లగ్గు వెలిగినప్పుడల్లా రేడియోలో చిటపటలు వినబడేవి. వాటిని అణచడానికి ప్రత్యేకంగా కొన్ని పరికరాలు బిగించవలసి వచ్చేది. నేటి డీజిల్ పికప్పులో స్పార్క్ ప్లగ్గు లేదు కనుక ఆ బాధ లేదు; ఆ లోటును ఆల్టర్నేటర్, అంటే ఇంజను తిరిగేటప్పుడు విద్యుత్తు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రం, సంతోషంగా తీరుస్తుంది. పాట శక్తిని పెంచే యాంప్లిఫయర్ ఎర్తు వైరు, పాటలు పలికించే డెక్కు ఎర్తు వైరు బండి ఒంటికి వేరువేరు చోట్ల సరిగా కలవకపోతే, యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ స్థాయి పెంచుకునే సన్నని ఈల ఒకటి ప్రతి పాటకూ సహగానం చేస్తుంది.

దిగులు పట్టిన యజమాని మొట్టమొదట డెక్కును అనుమానిస్తాడు. డెక్కు అంటే డ్యాష్‌బోర్డు మధ్యలో తెర, మీటలు ఉండే పరికరం. దాని పెట్టె మీద ‘50 వాట్లు × 4’ అని అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె ఎక్కడిదో కొంచెం లెక్క చేస్తే తెలుస్తుంది. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర వోల్టేజీ సుమారు 14.4 ఉంటుంది, డెక్కులోని చిప్పు స్పీకరుకు ఇవ్వగల గరిష్ఠ ఊపు కూడా అంతే. స్పీకరు నిరోధం 4 ఓమ్‌లు అయినప్పుడు 14.4ను 14.4తో హెచ్చించి 4తో భాగిస్తే 52 వస్తుంది. అయితే ఇది పాట ఆకారమంతా చెడిపోయి, తరంగం తలా తోకా తెగి చదరంగా మారినప్పటి అంకె. స్వరం స్వరంగా వినబడే తరంగానికి వచ్చేది అందులో సగం, అనగా 26 వాట్లు, అదీ చిప్పులో జరిగే నష్టాలను తీసివేయకముందు. ఒకప్పుడు ఇళ్లలోని మ్యూజిక్ సిస్టమ్‌ల మీద వేలల్లో వెలిగిన పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అంకె కూడా ఈ వంశానిదే. వాట్లు గోడ సాకెట్లోంచి వచ్చేవన్న సంగతిని ఆ అంకె ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇంతకు మించి కావాలంటే లోపల వోల్టేజీని పెంచుకునే యాంప్లిఫయర్‌ను విడిగా బిగించాలి. ఈ సత్యం యజమానికి సాధారణంగా రెండో డెక్కు కొన్న తర్వాత బోధపడుతుంది.

డెక్కు మారినా పాట మారకపోవడానికి అసలు కారణం ఇంజనులో ఉంది. నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజను ఒక చుట్టు తిరిగేసరికి రెండు సిలిండర్లలో ఇంధనం మండుతుంది. నిమిషానికి 2000 చుట్ల వేగంలో ఇది సెకనుకు సుమారు 67 సార్లు జరుగుతుంది, అంటే 67 హెర్ట్‌జ్ స్థాయిలో ఒక గంభీరమైన స్వరం ఎడతెరిపి లేకుండా పలుకుతుంది. బేస్ గిటారు కింది తీగలు పలికే స్థాయి కూడా సరిగ్గా ఇదే. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు నడకల కోసం చెవులు రిక్కించే రసికుడికి, అదే స్థాయిలో ఒకే స్వరాన్ని హైదరాబాదు నుంచి విజయవాడ దాకా వాయించే డీజిల్ వాద్యకారుడు తోడవుతాడు. ఒక శబ్దం తన దగ్గరి స్థాయిలోని మరో శబ్దాన్ని చెవికి అందకుండా చేయడాన్ని శబ్దశాస్త్రంలో కప్పివేత అంటారు. కప్పివేతకు విరుగుడుగా యజమాని వాల్యూము పెంచుతాడు. పెంచితే పాటతోపాటు తలుపు రేకు కూడా పాడటం మొదలుపెడుతుంది.

ఇక్కడినుంచే శబ్దనిరోధం అనే మహాకార్యం ఆరంభమవుతుంది. ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయి. కార్ డెకార్స్ దుకాణాల్లో మూడింటినీ కలిపి ‘డ్యాంపింగ్’ అనే ఒక్క మాటతో, ఒక్క బిల్లుతో ముగించడం ఆచారం. మొదటిది అదురు తగ్గించడం. పలచని రేకుకు ఒక వైపు జిగురుగా సాగే బ్యూటైల్ రబ్బరు, దానిమీద అల్యూమినియం పొర ఉన్న షీటును అంటిస్తే, రేకు అదిరినప్పుడు మధ్యలోని రబ్బరు నలిగి ఆ కదలికను అతి స్వల్పమైన వేడిగా మార్చేస్తుంది. మోగుతున్న కంచు పళ్లేన్ని వేలితో పట్టుకుంటే మోత ఆగినట్టే ఇదీ. దుకాణదారుడు షీటు వేయని తలుపును, వేసిన తలుపును వేళ్లతో తట్టి ‘ఠంగు’కు ‘దబ్బు’కు తేడా చూపిస్తాడు. ఆ ప్రదర్శన సత్యమే గాని, రహదారి మీద తలుపును అలా వేళ్లతో తట్టేవారు ఎవరూ ఉండరు. పైగా అదురు అణచడానికి రేకు విస్తీర్ణంలో పావు వంతు కప్పినా చాలావరకు ఫలితం వస్తుంది. నూటికి నూరు పాళ్లు కప్పడం వల్ల అధికంగా లాభపడేది షీట్లమ్మేవారే.

రెండవ పని శబ్దాన్ని అడ్డుకోవడం. దీనికి బరువు కావాలి. గోడ బరువు రెట్టింపైతే దాన్ని దాటే శబ్దం సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుందన్నది ద్రవ్యరాశి నియమం. నేల రేకు మందం 0.7 మిల్లీమీటరు అనుకుంటే చదరపు మీటరుకు అయిదున్నర కిలోలు తూగుతుంది కనుక, అంతే బరువున్న వినైల్ తెరలు తెచ్చి నేలంతా పరిస్తే 6 డెసిబెల్‌లు దక్కుతాయి. ఎన్నడూ సరుకు మోయని పికప్పు తొలిసారిగా సరుకు మోసేది ఈ సందర్భంలోనే. మూడవది, రెండు ప్లాస్టిక్కు భాగాలు ఒరుసుకునే చోట నురుగు పట్టీలు దూర్చడం. ఇది అతి చవకైన పని కనుక దీన్ని ఎవరూ సిఫారసు చేయరు.

పదార్థ నిర్ణయంలో పొదుపరులు చేసే ప్రయోగం ఒకటి విడిగా పేర్కొనదగినది. మేడకప్పులు కారకుండా ఆపడానికి అమ్మే తారు పట్టీ చూపుకు బ్యూటైల్ షీటులాగే ఉండి, ధరలో అందులో చిన్న భాగమే కావడం వల్ల, కొందరు దాన్నే తలుపుల్లో అంటిస్తారు. మే నెలలో కర్నూలు ఎండకు మూసి నిలిపిన బండి లోపల తారు మెత్తబడి, వాసన వేసి, క్రమంగా తలుపు అడుగుకు జారుతుంది. ఆ తర్వాత పాట ఎలా వినబడుతుందన్న ప్రశ్న వెనకబడి, ఈ బండిలో రోడ్డెక్కడ వేశారన్న ప్రశ్న ముందుకొస్తుంది.

ఈ ఖర్చంతా పెట్టాక ఫోనులోని డెసిబెల్ మీటరు 72 నుంచి 69కి దిగిందనుకుందాం. డెసిబెల్ గుణకారపు కొలత కాబట్టి 3 తగ్గడమంటే శబ్దశక్తి సగం తగ్గడమే. అయితే చెవికి శబ్దం సగమైందనిపించడానికి సుమారు 10 డెసిబెల్‌లు తగ్గాలి. అందువల్ల శాస్త్రం సగం పోయిందని ప్రకటించే చోట, చెవి ‘ఏమో, తేడా ఉన్నట్టే ఉంది’ అనే దగ్గర ఆగిపోతుంది. సందుల సంగతి ఇంతకన్నా నిర్దయ: గోడ మొత్తంలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే, మిగిలిన 99 వంతులు ఎంత గట్టిగా ఉన్నా మొత్తం నిరోధం 20 డెసిబెల్‌లకు మించదు. క్లచ్చు పెడల్ దగ్గర తీగలు దూరే రంధ్రపు రబ్బరు, తలుపు చుట్టూ అరిగిపోయిన బీడింగు వంటి అల్పవస్తువులు, వేల రూపాయల షీట్లను ఆ విధంగా ఓడిస్తాయి.

అయినా మూల ఘోష కొంత తగ్గుతుంది, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. ఇంతకాలం ఇంజను మోత కింద దాక్కున్న శబ్దాలన్నీ ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి: వెనక సీటు వెనకనున్న జాకీ, ఎవరూ పెట్టుకోని సీటుబెల్టు బకిలు, డ్యాష్‌బోర్డు సొరుగులోని చిల్లర, తొట్టి తలుపు గొళ్లెం, కళ్లజోడు పెట్టె. వీటిలో ప్రతిదీ ఒక నిర్దిష్ట వేగంలో మాత్రమే మోగి, మెకానిక్కు షెడ్డు చేరగానే మౌనం వహిస్తుంది. శబ్దస్థానం కనిపెట్టడానికి యజమాని బండి నడుపుతుండగా కుటుంబసభ్యులు క్యాబిన్ స్తంభాలకు చెవి ఆన్చి కూర్చోవలసి వస్తుంది. “ఏవండీ, ఎక్కడా ఏ చప్పుడూ లేదండీ” అన్న ఇల్లాలి వాంగ్మూలం ఈ విచారణల్లో సాధారణంగా తిరస్కరణకు గురవుతుంది. బండి మరింత నిశ్శబ్దమైతే మరింత చిన్న శబ్దం వినబడుతుంది కనుక ఈ వెతుకులాటకు తార్కికమైన ముగింపు లేదు.

స్పీకర్ల విషయంలో శాస్త్రం కొంత దయ చూపుతుంది. స్పీకరు అట్ట ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. తలుపు లోపలి రేకులో అద్దం మోటారు మరమ్మతుకు ఉంచిన పెద్ద రంధ్రాల గుండా ఈ రెండూ కలిసిపోతే కింది స్వరాలు ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. ఆ రంధ్రాలను మూసి తలుపును ఒక పెట్టెగా మారిస్తే, కంపెనీ ఇచ్చిన స్పీకరు కూడా కొత్తగా పలుకుతుంది. ఒక వాటు శక్తికి ఒక మీటరు దూరంలో స్పీకరు ఇచ్చే డెసిబెల్‌లను దాని సున్నితత్వం అంటారు. 87 ఉన్న స్పీకరు బదులు 90 ఉన్నది కొంటే, యాంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం. ఈ అంకె పెట్టె మీద చాలా చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక ఎడమ స్పీకరుకన్నా కుడి స్పీకరు అతని చెవికి అరమీటరు దగ్గరగా ఉంటుంది, దాని శబ్దం సుమారు ఒకటిన్నర మిల్లీసెకను ముందే చేరుతుంది. సిగ్నలును లెక్కగట్టి సవరించే డీఎస్‌పీ అనే పరికరం దగ్గరి స్పీకరును అంతసేపు ఆపితే, గాయని సరిగ్గా డ్యాష్‌బోర్డు మధ్యలో నిలబడి పాడుతున్నట్టు తోస్తుంది. అయితే ఈ సవరణ ఒక్క సీటుకే వర్తిస్తుంది. ఎడమ సీటులోని వ్యక్తికి ఆ గాయని పూర్తిగా ఎడమ తలుపులోకి వెళ్లి పాడుతుంది. ఖర్చు ఉమ్మడిదై, ఫలం ఒకరిదే కావడం వల్ల కలిగే పరిణామాలు శబ్దశాస్త్రపు పరిధికి వెలుపలివి.

సబ్‌వూఫర్, అంటే కింది స్వరాల కోసమే ఉన్న పెద్ద స్పీకరు, పికప్పులో డిక్కీ లేనందున వెనక సీటు కిందనే ఒదగాలి. దానికి 500 వాట్లు నిజంగా అందించాలంటే, సామర్థ్యం 80 శాతమున్న యాంప్లిఫయర్ సుమారు 43 ఆంపియర్లు లాగుతుంది. ఇది 55 వాట్ల హెడ్‌లైటు బల్బులు పదకొండు ఒకేసారి వెలిగించడంతో దాదాపు సమానం. ఇందుకు లావుపాటి రాగి వైరు, బ్యాటరీకి అడుగున్నరలోపు ఫ్యూజు తప్పనిసరి. ఫ్యూజు యాంప్లిఫయర్‌ను కాపాడడానికి కాదు, వైరు కాలి బండి అంటుకోకుండా ఉండటానికి. ఈ ఒక్క చోట హాస్యానికి తావు లేదు.

పికప్పుకు ధ్వనితో మరో విధమైన సంబంధం కూడా తెలుగు నేల మీద ఉంది. తొట్టినిండా బాక్సులు పేర్చి ఊరేగింపుల ముందు నడిచే డీజే బండి, లోపలివారికి కాక ఊరివారికి వినిపించడమే ఆశయంగా కలది. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్‌లు, రాత్రి 45. సొంత క్యాబిన్‌లో సొంత చెవులకు పెట్టుకునే మోతకు ఇంతటి కాపలా లేదు. 85 డెసిబెల్‌ల మోతను రోజుకు ఎనిమిది గంటలు మించి వినరాదని, ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ వ్యవధి సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. 94 దగ్గర అది ఒక్క గంట.

కాబట్టి డబ్బు పెట్టదలచినవారు బీడింగులు, నురుగు పట్టీలు, తలుపు రంధ్రాల మూత, స్పీకర్లు, యాంప్లిఫయర్ అన్న వరసలో పెట్టి, డెక్కు జోలికి చివరన పోవడం మంచిది. తలుపు అడుగున వాననీరు పోయే రంధ్రాల మీద మాత్రం షీటు అంటించరాదు. బండి అమ్మేటప్పుడు పాత బండ్ల వ్యాపారి ఈ సరంజామాకు పైసా కలపడు. డెక్కు, యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ విప్పి ఇంటికి తెచ్చుకోవచ్చు. మేలు చేసిన బ్యూటైల్ షీటు మాత్రం ఊడిరాదు. అది తర్వాతి యజమానికి ఉచితం.