సంఘం గుమస్తాకు ఇవ్వకూడని సలహాలు

నూజివీడు వైపు మామిడి రైతుల సంఘంలోనో, వ్యాపారుల సంఘంలోనో గుమస్తాగా చేరావంటే మొదటి వారంలోనే ఊరంతా నీకు సలహాలిస్తుంది. వాటిలో చాలావరకు నిన్ను ముంచేవే.

"ప్రెసిడెంటు గారు ఎంత చెబితే అంత" అనేది అన్నిటికంటే చెడ్డది. నీకు జీతమిచ్చేది సంఘం, ఆయన కాదు. ఎన్నికలొస్తే ఆయన మారిపోతారు, క్యాష్ బుక్కులో నీ చేతిరాత ఉండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో బంగినపల్లి, రసాలు లారీలకెక్కే హడావుడిలో "ముందు డబ్బులిచ్చెయ్, వోచర్ తర్వాత చూద్దాం" అని ఫోనొస్తుంది. ఇచ్చావో, ఆడిటర్ అడిగిన రోజున జవాబుదారీ నువ్వే. "సంతకం పెట్టండి ప్రెసిడెంటు గారూ, నిమిషంలో ఇస్తాను" అను. కేకలేస్తే వేయనీ. జరిగింది ఆ రోజే కార్యదర్శికి రాసిచ్చి, నకలు దగ్గర పెట్టుకో. రుసుము కట్టనివాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలో ఎక్కించమన్నా అంతే: తీర్మానం మినిట్స్ పుస్తకంలో కనబడేదాకా కలం ముట్టుకోకు.

"కాపు అయ్యేదాకా ఓర్చుకో, ఆయనే చల్లబడతారు" అంటారు. జూన్‌లో కోతలు ముగుస్తాయి గానీ నోటి దురుసు ముగియదు. ఎప్పుడు, ఎవరెదుట, ఏమన్నారో తేదీ వేసి రాసుకో.

"అవతలి వర్గంలో చేరిపో" అనేవాళ్ల మాట అసలే వినకు. వాళ్లు ఓడిపోతే నిన్ను పలకరించరు.

"సంఘమంటే సేవ, ఇక్కడ కార్మిక చట్టాలేంటి" అన్న మాటకే నాకు ఒళ్లు మండుతుంది. ఢిల్లీలోని వాణిజ్య మండళ్ల సమాఖ్య ఫిక్కీ కూడా సభ్యుల సంఘమే. కార్మిక చట్టం దృష్టిలో తాను పరిశ్రమ కాదన్న దాని వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు క్లబ్బులను, సహకార సంఘాలను కూడా పారిశ్రామిక వివాదాల చట్టం పరిధిలోకి తెచ్చింది. మరీ చిన్నవాటికి అందులో మినహాయింపు ఉంది, ఆ తర్వాత చట్టాలూ మారాయి. అందుకే నీ సంఘం సంగతి కార్మిక శాఖ ఆఫీసులో అడుగు. 2022 నుంచి మన జిల్లా ఏలూరు కదా, అక్కడికే వెళ్లు. అడక్కుండానే హక్కు వదులుకోకు.

ఇక చివరి సలహా, "తాళాలు మొహాన కొట్టి వచ్చెయ్". కుర్రతనంలో అందరికీ నచ్చుతుంది. అలా చేస్తే మర్నాడు పోయిన ప్రతి రసీదు పుస్తకం నీ నెత్తినే పడుతుంది. నగదు లెక్క చూపి, పుస్తకాలు, తాళాలు జాబితా రాసి, ఇద్దరు కార్యవర్గ సభ్యుల సంతకాలు తీసుకో. జీతం బాకీ ఉంటే అదీ ఆ కాగితం మీదే రాయించుకో.