జతగాళ్ళ పద్యం: ఉద్దాన నారికేళ వ్యాఖ్యా సహితం

అవతారిక

ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని కవిత్వానికి పెద్దలు మూడు పాకాలు చెప్పారు. ద్రాక్షతో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా బారువకు పనిలేదు. అరటి ఉంది గానీ, తొక్క లాగితే పండు చేతికొచ్చేదానికి వ్యాఖ్యాత దేనికి? మిగిలింది కొబ్బరి. డొక్క ఒలవాలి, పీచు తీయాలి, చిప్ప పగలగొట్టాలి. ఉద్దానంలో పుట్టినవాడికి ఈ పని ఒకరు నేర్పనక్కరలేదు. అందుచేత ఈ వ్యాఖ్యకు నారికేళమని పేరు. కాళిదాసు కావ్యాలు దొరికాయి కాబట్టి మల్లినాథసూరి సంజీవని రాశాడు. మాకు దొరికింది ఒక్క తేటగీతి.

కర్త ఎవరో తెలియదు. విశాఖపట్నంలో మోర్మన్ మిషనరీ కుర్రాళ్ళను చూసి వచ్చిన బారువ మనిషే అయివుండాలని మా ఊహ. మూడో పాదంలోని బొండమే అందుకు అంతస్సాక్ష్యం. వేరే జిల్లావాడైతే మజ్జిగతో సరిపెట్టేవాడు.

పద్యం

తెల్లచొక్కాల జతగాళ్ళు తిరుగుచుంద్రు
టీయు కాఫీయు ముట్టరు, తీయబొండ
మిచ్చి చూడుడు, మొగమెల్ల మెరయుచుండు;
తల్లి పలుకులు వారాన దక్కు నొకట.

ప్రతిపదార్థం

తెల్లచొక్కాల జతగాళ్ళు = తెల్లని చొక్కాలు తొడిగిన ఇద్దరు కుర్రాళ్ళు; తిరుగుచుంద్రు = ఊరు కాని ఊళ్ళో కాలినడకనో సైకిలు మీదో సంచరిస్తూ ఉంటారు; టీయు కాఫీయు = ఆ రెండింటినీ; ముట్టరు = తాగరు (వాసన చూడవచ్చునా అన్న విషయంలో శాస్త్రం మౌనం); తీయబొండము = తియ్యటి లేత కొబ్బరికాయను; ఇచ్చి చూడుడు = మీరే ఇచ్చి పరీక్షించండి; మొగమెల్ల = ముఖమంతా; మెరయుచుండు = వెలిగిపోతుంది; తల్లి పలుకులు = కన్నతల్లి మాటలు; వారాన = ఏడు రోజులలో; ఒకట = ఒక్కమారు; దక్కును = లభించును.

తాత్పర్యం పైదే. బడిపిల్లలు ఇక్కడితో పుస్తకం మూసేయవచ్చు.

టీక

తెల్లచొక్కాల: ‘నీలిచొక్కాల’ అని పాఠాంతరం చెప్పేవారు ఉండవచ్చు. దానికి ఆధారం లేకపోలేదు. 2020 నుంచి కొన్ని ప్రాంతాల్లో నీలి చొక్కా కూడా వేసుకోవచ్చనీ, టై లేకపోయినా ఫరవాలేదనీ వాళ్ళ సంఘం సడలించింది. కానీ ‘నీలి’ అంటే ‘తిరుగు’తో యతి చెడుతుంది. సంఘం సడలించినా ఛందస్సు సడలించలేదు కనుక తెల్లచొక్కానే గ్రాహ్యం. జేబు మీద నల్ల పలక ఉంటుంది, దాని మీద ఇంటిపేరు, సంఘం పేరు. మొదటిపేరు కనపడదు. పద్దెనిమిది పందొమ్మిదేళ్ళవాణ్ణి ఎల్డర్ అని పిలుస్తారు. బారువలో ఆ వయసువాణ్ణి గుంటడు అంటాం.

జతగాళ్ళు: పద్యానికి ప్రాణం ఈ పదం. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘాన్ని 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించాడు. ఇప్పుడు వాళ్ళ పీఠం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. లోకం వాడే పేరు మోర్మన్లు. ఆ సంఘంలో కుర్రాళ్ళు రెండేళ్ళు, అమ్మాయిలు పద్దెనిమిది నెలలు ఇల్లు వదిలి, పంపిన చోటికి వెళ్ళి ప్రచారం చేస్తారు. బయలుదేరే వయసును 2012లో కుర్రాళ్ళకు 18కి, అమ్మాయిలకు 19కి తగ్గించారు. 2024 చివరికి ప్రపంచమంతా కలిపి ఇలాంటివాళ్ళు 70 వేలు దాటారు. అంతమందిలో ఒక్కడూ ఒంటరిగా వీధిలోకి రాడు. లూకా సువార్తలో శిష్యుల్ని ఇద్దరిద్దరిగా పంపినట్టుంది; అదే వీళ్ళకు ప్రమాణం. స్నానాల గది వేళ తప్పిస్తే ఒకడు రెండోవాడి చూపుకూ వినికిడికీ అందుబాటులో ఉండాలి. తార్కికులు దీన్ని వ్యాప్తి అంటారు. ఒక ఎల్డరు కనబడితే రెండోవాణ్ణి అనుమాన ప్రమాణంతో సాధించవచ్చు.

జతను ఎంచుకునే హక్కు వాళ్ళకు లేదు. మిషను అధ్యక్షుడు కలుపుతాడు, ఆయనే విడదీస్తాడు. ఆరు వారాలకోసారి బదిలీల జాబితా వస్తుంది. ఈలోగా రెండోవాడు గురకపెట్టేవాడు కావచ్చు, పాటలు పాడేవాడు కావచ్చు, ఏ మాటకైనా కాదనేవాడు కావచ్చు. కోపం వచ్చి విసురుగా బయటికి పోదామంటే వాణ్ణి కూడా వెంటబెట్టుకుని పోవాలి. టీ మానడం, సినిమా మానడం, ప్రేమ మానడం వంటివన్నీ దీని ముందు లెక్కలోవి కావని వ్యాఖ్యాత అభిప్రాయం.

తిరుగుచుంద్రు: ‘మతం మార్చడానికే కదా ఈ తిరగడం?’ అని పూర్వపక్షం. అవునని సిద్ధాంతం. వాళ్ళు కూడా దాన్ని దాచరు. ఈ తీరానికి అలా వచ్చినవాళ్ళలో వీళ్ళు మొదటివాళ్ళూ కారు. 1836లో విశాఖపట్నంలో దిగిన బాప్టిస్టు శామ్యూల్ డే కొంతకాలం శ్రీకాకుళంలో గడిపి, చివరికి నెల్లూరు చేరాడు. తర్వాత కెనడా బాప్టిస్టులు వచ్చారు. మాకు కూతవేటులో ఉన్న సోంపేటలో వాళ్ళ ఆసుపత్రి నడిపిన డాక్టర్ బెన్ గల్లిసన్ కళ్ళ వైద్యుడు. ఆయన మాట విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే కాల్గరీ వ్యాపారి 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పెట్టాడు. శుక్లం తీయించుకున్న మనిషికి కంటి ఆపరేషను గుర్తున్నంతగా ప్రసంగం గుర్తుండదని మా అనుమానం. మోర్మన్ గుంటడికి ఆ వీలు లేదు. వాడు డాక్టరు కాడు, మేస్టరు కాడు, పద్దెనిమిదేళ్ళకు ఇంకేదీ కాడు. వాడి దగ్గరున్నవి ఒక పుస్తకం, రెండు కాళ్ళు. తలుపు తీసినవాడు వద్దంటే పక్క తలుపుకు వెళ్ళాలి. రోజులో ఎక్కువ భాగం వద్దనిపించుకోవడమే పనిగా ఉన్న ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందేమో, మాకు తోచడం లేదు.

తిరగడం అంటే మా వైపు రంగం, అంటే రంగూను, గుర్తుకు రావాలి. బారువ రేవుగా ఉన్న రోజుల్లో కూలికి సముద్రం దాటడమంటే రంగూనుకే. 1853లో కలకత్తా నుంచి ఇద్దరు మోర్మన్లు, ఎలాం లడింగ్టన్, లెవీ సావేజ్, అదే రంగానికి వెళ్ళారు. వాళ్ళను పంపింది సయాముకు. లడింగ్టన్ 1854లో బాంకాక్ చేరాడు గానీ సావేజ్ బర్మాలోనే ఉండిపోయాడు. ఇద్దరిద్దరి నియమం ఆనాడు ఇంత బిగువుగా లేదన్నమాట. ఆ కాలపు ప్రచారకులు సంచీ, డబ్బూ లేకుండా బయలుదేరి, పెట్టినవాళ్ళింట తిని, పెట్టనిచోట పస్తుండేవారు.

ఇప్పటి కుర్రాళ్ళకు అంత కష్టం లేదు. చాలా దేశాల్లో సంఘ సభ్యులు వంతులవారీగా రాత్రి భోజనానికి పిలుస్తారు. సోమవారం ఒక ఇల్లు, మంగళవారం ఇంకో ఇల్లు. మన అగ్రహారాల్లో వారాలు చేసుకుని చదువుకున్న కుర్రాడే వీడు. ఎటొచ్చీ టై కట్టుకున్నాడు.

విశాఖలో కనిపించే జతలో తెల్లవాడే ఉండాలని నియమం లేదు. విదేశీ మిషనరీలకు మన దేశంలో వీసా అంత తేలిగ్గా దొరకదు. ఇద్దరూ భారతీయులే కావచ్చు, అందులో ఒకడు తెలుగువాడే కావచ్చు. తెలుగునాట ఈ సంఘం పాదుకున్నదే బంధువర్గంలో. హైదరాబాదుకు చెందిన ఎడ్విన్ ధర్మరాజు దంపతులు సమోవాలో ఉండగా ఆ సంఘంలో చేరి, 1978లో మిషనరీలుగా సొంత ఊరికి వచ్చి, చుట్టాల్లో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. చుట్టాల్ని ఒప్పించగలిగినవాడు ఎవరినైనా ఒప్పించగలడు. బెంగళూరు కేంద్రంగా మిషను 1993లో వచ్చింది. వాళ్ళు స్టేక్ అని పిలిచే పెద్ద విభాగం దేశంలో మొట్టమొదట 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది.

టీయు కాఫీయు ముట్టరు: ఇక్కడ ప్రాసయతి, టీయు – తీయ. కవికి పద్యం మొత్తంలో కలిసొచ్చిన చోటు ఇదొక్కటే. 1833లో జోసెఫ్ స్మిత్ చెప్పిన ఆరోగ్య నియమాల్లో సారా, పొగాకు, ‘వేడి పానీయాలు’ కూడదని ఉంది. వేడి పానీయాలంటే టీ, కాఫీ అని తరవాత వ్యాఖ్యానించారు. వేడి పాలు తాగవచ్చు, చల్లటి కాఫీ తాగకూడదు. కాబట్టి మూలంకంటే వ్యాఖ్యకే బలం ఎక్కువని తేలుతోంది. మా వృత్తికి ఇంతకంటే గౌరవం ఏముంది? ఆ జత ఉద్దానం వస్తే మాత్రం చిక్కే. ఇక్కడ ఇంటికొచ్చినవాడికి టీ ఇవ్వకపోవడం ఒక తప్పు, ఇచ్చిన టీ తాగకపోవడం అంతకంటే పెద్ద తప్పు. “ఏటి బాబూ, మా సేతి టీ తాగరేటి?” అన్న ముసలమ్మకు 1833 నాటి ఉపదేశాన్ని ఏ భాషలో చెప్పి ఒప్పించాలి?

లుప్తసీస విచారం: ఈ తేటగీతి ఏదో సీసానికి ఎత్తుగీతి అయివుండాలనీ, సీసం చెదలకు పోయిందనీ మా నమ్మకం. లేకపోతే మిషనరీ దినచర్య పద్యంలో ఎక్కడా లేకపోవడం ఎలా? పోయిన నాలుగు పాదాలనూ వాళ్ళ నియమాల నుంచి ఉద్ధరిస్తున్నాం. మొదటి పాదంలో ఉదయం ఆరున్నరకు లేవడం, అరగంట వ్యాయామం, స్నానం, ఫలహారం. రెండో పాదంలో గ్రంథపఠనం, ముందు ఒంటరిగా, తర్వాత జతగాడితో. కొత్త భాష అయితే దానికి విడిగా మరికొంత. మూడో పాదమంతా వీధి, ఎండ, తలుపులు. నాలుగో పాదంలో రాత్రి తొమ్మిది ప్రాంతాల బసకు రావడం, రేపటి పని రాసుకోవడం, పదిన్నరకు దీపం ఆర్పడం. 2017లో ఈ వేళలను ప్రాంతాన్నిబట్టి కొంత అటూ ఇటూ జరుపుకోనిచ్చారు. సీసం శిథిలం కావడానికి అదే నాంది అనేవాడొకడు ఉండనే ఉంటాడు.

వారంలో ఒక రోజు పీ డే, అంటే ప్రిపరేషన్ డే. బట్టలుతుక్కోవడం, క్షవరం, సరుకులు, ఊరు చూడడం. సాయంత్రం ఆరుకల్లా మళ్ళీ పనిలోకి. ఆ రోజు బారువ తీరానికి తీసుకొస్తే లైటుహౌస్ చూపించవచ్చు, మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట నిలబెట్టవచ్చు. నీళ్ళలో మాత్రం దింపకూడదు. మిషనరీలకు ఈత నిషిద్ధం. వ్యాఖ్యాతకు ఇది టీకంటే అన్యాయంగా తోచింది.

తీయబొండ మిచ్చి చూడుడు: కవి ఉదారుడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస పక్కన తీరం దాటి ఉద్దానం తోటల్ని పడుకోబెట్టింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్ళు పడుతుంది. ఆ తరవాత ఇక్కడ బొండం కొట్టి ఇచ్చేవాడు ఊరికే ఇస్తున్నట్టు కాదు. ఇంకో సంగతి. కిడ్నీ జబ్బు ఇన్ని ఇళ్ళను పట్టుకున్న నేలలో మంచినీళ్ళిస్తాం తాగండి అనడానికి మాకే నోరు రాదు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు వచ్చింది 2023 చివర్లో. బొండం మీద మాత్రం ఎవరికీ అనుమానం లేదు. అది 1833 నియమానికీ విరుద్ధం కాదు. కుర్రాడి ముఖం వెలగడంలో అలంకారమేమీ లేదు. మధ్యాహ్నం మూడింటికి ఎండలో నడిచొచ్చినవాడు ఎవడైనా అలాగే ఉంటాడు. ఇది స్వభావోక్తి.

తల్లి పలుకులు వారాన దక్కు నొకట: ఈ పాదం వల్ల కాలనిర్ణయం సాధ్యమవుతోంది. 2019 ఫిబ్రవరికి ముందు మిషనరీ ఇంటికి ఫోను చేయడానికి ఏడాదికి రెండే రోజులు, క్రిస్మస్, మదర్స్ డే. మిగతా అంతా ఉత్తరాలు, తరవాతి రోజుల్లో వారానికో ఈమెయిల్. ఆ ఫిబ్రవరి నుంచి వారానికోసారి ఫోను గానీ వీడియో కాల్ గానీ చేసుకోనిచ్చారు. కనుక పద్యం 2019కి తర్వాతిది. సాహిత్య చరిత్రకారులు ఇంతకంటే తక్కువ ఆధారంతో కవుల్ని వందేళ్ళు ముందుకూ వెనక్కూ జరిపారు. ‘ఒకట’ అన్నది ఏ విభక్తో అడగవద్దు. కవి ‘ఒకసారి’ అందామనుకున్నాడు, గణం కుదరలేదు.

ఈ పాదం దగ్గరే మా ఊళ్ళో వ్యాఖ్యానం ఆగిపోయింది. చదివి వినిపిస్తుంటే ఒక తల్లి అడిగింది: “మేస్టారూ, ఆ గుంటడు నెలకెంత పంపుతాడేటి?”

పంపడమ్మా, వాడికే ఇంటి దగ్గర్నుంచి కడతారు అని చెప్పాల్సి వచ్చింది. అమెరికా కుటుంబమైతే 2020 జూలై దాకా నెలకు 400 డాలర్లు, ఆ తరవాత 500. కొడుకు టోక్యోలో ఉన్నా మన విశాఖలో ఉన్నా అదే మొత్తం. చాలామంది కుర్రాళ్ళు చిన్నప్పట్నుంచీ దీనికోసమే కూడబెట్టుకుంటారు.

“ఓలమ్మా! ఇంట్లో డబ్బట్టుకుని పరాయి దేశంలో తిరగడానికెల్లినాడా?”

ఉద్దానంలో ఈ లెక్క ఎవరికీ ఎక్కదు. రంగం రోజుల నుంచీ ఇక్కడ డబ్బు ఒకే దిక్కుకు నడిచింది, అక్కణ్ణించి ఇంటికి. ఇప్పుడు అదే వయసు కుర్రాళ్ళు ఓడ పనికో, గల్ఫులో రిగ్గింగుకో, వెల్డింగుకో వెళ్తున్నారు. ఏజెంటుకు కట్టడానికి అప్పు చేసి, దాన్ని తీర్చడానికే మొదటి ఏడాది పనిచేస్తారు. నియమావళి అంటూ లేదు. టీ తాగవచ్చు, సినిమా చూడవచ్చు, తల్లికి రోజూ ఫోను చేయవచ్చు. ఆమె కొడుకు రోజూ చేస్తాడట. వారానికి ఒకట కాదు, రోజుకు రెండట్లు.

అయినా ఆమె పద్యం మళ్ళీ చదవమంది. మిగతా మూడు పాదాలకూ తల ఊపలేదు. మొదటి పాదం దగ్గర ఆపింది. “రేయీ పగలూ ఇంకో గుంటడు పక్కనే ఉంటాడా? జొరమొస్తే సూస్తాడా?” అంది. చూస్తాడు, అది నియమం అన్నాం. మేం అన్నిటికంటే కఠినమని తేల్చిన నియమం అదే.

“మావోడు గదిలో ఒక్కడే ఉంటన్నాడు. ఆ జతగాడి సంగతేదో ఏజెంటు కాగితంలో రాయించడానికవుద్దేటి, మేస్టారూ?”

ఏ వ్యాఖ్యలోనూ దీనికి సమాధానం దొరకలేదు. ఏజెంటు నంబరు మాత్రం ఆమె దగ్గరే ఉంది. రాసుకున్నాం.