పలక మీద పట్టేంత చట్టం

శ్రీశైలం వెళ్లే దారిలో దోర్నాల దాటగానే ఒక గేటు ఉంది. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిదికి పడుతుంది, తెల్లారి ఆరింటికి లేస్తుంది. ఆ మధ్య తొమ్మిది గంటలూ నల్లమల రోడ్డు పెద్దపులిది. మిగతా పదిహేను గంటలు మనది. మా మార్కాపురం ప్రాంతంలో ఎవరూ బతిమాలకుండా, ఎవరూ ఫోన్ చేయించకుండా నడిచే నిబంధన నాకు తెలిసి ఇదొక్కటే. కాదని వెళ్తే జరిమానా వసూలు చేసేది పులి కదా మరి.

నెల్లూరులోనో ఒంగోల్లోనో మధ్యాహ్నం కునుకు తీసి బయల్దేరిన భక్తులు పొదిలిలో టీ తాగి మార్కాపురం చేరేసరికి చీకటి పడుతుంది. "ఎంతలే, ఇక్కడే కదా" అని దోర్నాల పోతే గేటు పడి ఉంటుంది. కొండ ఇంకా యాభై కిలోమీటర్లు. బండి వెనక్కి తిప్పి, పిల్లల ఏడుపులతో సహా మళ్లీ మా ఊరు చేరతారు. ఈ సంగతి మీద బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చునే మా అబ్బాయికి జ్ఞానోదయం అయింది.

"నాన్నా, మిద్దె మీద పోర్షన్ ఖాళీగానే ఉంది కదా. రోజు అద్దెకు యాప్‌లో పెడదాం. ఆ గేటే మనకు లక్ష్మీదేవి."

నేను రిటైరైన పంతుల్ని. ముప్పై మూడేళ్లు మార్కాపురం పలకల మీద పిల్లల చేత అఆలు దిద్దించినవాణ్ని. టు-లెట్ బోర్డు మించిన ప్రకటన ఎరగను. వాడే అక్కడ కూర్చుని రాసేశాడు: "నల్లమల అందాలు కనిపించే ప్రైవేట్ కాటేజ్." నిజమేనా అని మిద్దె ఎక్కి చూశాను. తూర్పున మా నీళ్ల ట్యాంకు. పడమట పక్కింటివాళ్ల దండెం. దండెం మీద చీరలు లేని రోజున, వాన పడి దుమ్ము అణిగితే, దూరాన నీలంగా ఒక గీత. అదే నల్లమల. మా ఊళ్లో వాన ఎన్నిసార్లు పడుతుందో అబ్బాయికి తెలుసు కాబట్టి ఆ మాట రాయలేదు.

గిద్దలూరులో ఉన్న మా బావమరిది ఇంకా ఘనుడు. "బావా, నువ్వు అడవి అన్నావు, నేను లేక్ వ్యూ అని పెట్టా" అన్నాడు. చెరువు కంభంలో ఉంది, ఇల్లు గిద్దలూరులో ఉంది. విజయనగర రాజుల నాటి చెరువు, వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే చెరువు, ఎంత పెద్దదైనా పక్క ఊరి మిద్దె ఎక్కితే కనిపించేంత పెద్దది కాదు. అడిగితే, "కార్లో వస్తారు కదా బావా, దార్లో కనపడుద్ది" అన్నాడు.

మొదటి బేరం నెల్లూరు వాళ్లది. యాప్‌లో నలుగురు. తుఫాన్ బండిలోంచి దిగింది పదకొండు మంది. "మేమంతా ఒకే కుటుంబం సార్" అన్నాడు పెద్దమనిషి. కాదనడానికి నోరు రాలేదు. మా ఇంట్లో పెళ్లికి నలుగురిని పిలిస్తే వచ్చేదీ పదకొండు మందే. దుప్పట్లు తీశాం, చాపలు పరిచాం. మా ఆవిడ అలవాటు కొద్దీ పప్పులో నీళ్లు పోసి మరిగించింది.

అసలు కథ తెల్లవారుజామున నాలుగింటికి మొదలైంది. ఆరింటికి గేటు తీస్తారు కాబట్టి ఐదింటికల్లా బయల్దేరాలి. మల్లన్న దర్శనం కాబట్టి తలస్నానం. పదకొండు మంది, పదకొండు తలలు. మొదట మోటారు గుర్రుమంది. కాసేపటికి దాని గొంతు సన్నబడింది. తర్వాత కుళాయిలోంచి చుక్కా చుక్కా, చివరకు ఉత్త గాలి. మెట్ల మీదనుంచి ఒక గొంతు: "సార్, నీళ్లు రావట్లేదు! పాప తలకి షాంపూ ఉండిపోయింది."

మా ఆవిడ వంటింట్లోంచే, "వెలిగొండ వచ్చినప్పుడు వస్తాయని చెప్పండి" అంది.

వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడే పుట్టిన మా అబ్బాయి చదివాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, నాకే వ్యాపారం నేర్పిస్తున్నాడు. కొండ కింద సొరంగాలు రెండూ తవ్వారు. మా సంపులోకి మాత్రం నీళ్లు ఇప్పటికీ ట్యాంకరే తెస్తుంది. ఆ పూట పక్కింటివాళ్ల సంపులోంచి నాలుగు బిందెలు అరువు తెచ్చి పాప తల కడిగించాం. ఆ రోజు వచ్చిన అద్దెలో ట్యాంకరు ఖర్చు పోను మిగిలింది పక్కింటివాళ్ల మొహం చూడలేని స్థితి.

మర్నాడు సాయంత్రం ఎదురింటి అరుగు మీద పంచాయతీ. "ఏంది సారూ, ఇంట్లో లాడ్జి పెట్టినావంట?" అన్నాడు పక్కింటి పెద్దాయన. లాడ్జి అన్న మాటను ఆయన పలికిన తీరులోనే ఒక పోలీసు రైడు ఉంది.

నాకూ రోషం వచ్చింది. "నా ఇల్లు. నా పీఎఫ్ డబ్బుతో కట్టుకున్నా. నా ఇష్టం" అన్నాను.

ఆయన ఒకప్పుడు వకీలు దగ్గర గుమాస్తాగా చేసినవాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల్లోంచి 1978లోనే పాయె సారూ, 44వ సవరణలో. ఇప్పుడుండేది 300-ఏ. చట్టం ప్రకారం తప్ప నీ ఇల్లు నీ దగ్గర్నుంచి లాక్కోకూడదంటుంది అది. నేను నీ ఇల్లు లాక్కోవడం లేదు. నా సంపులో నాలుగు బిందెలు ఎప్పుడిస్తావని అడుగుతున్నా."

అరుగు మీద నవ్వులు. రాజ్యాంగం మా వీధిలో అంత తొందరగా అర్థమవడం అదే మొదటిసారి.

సరే, ఏదైనా పద్ధతిగా చేద్దామని ఆఫీసుల చుట్టూ తిరిగాను. పేర్లు చెప్పను, ఎందుకంటే ఎవరూ తప్పు చెప్పలేదు. ప్రతివాళ్లూ నిజమే చెప్పారు, తలా ఒక నిజం. కరెంటు లెక్కలో ఇల్లంటే డొమెస్టిక్, వ్యాపారమంటే కమర్షియల్. పది వేళ్లతో లెక్కపెట్టే బేరానికి మీటరు మారిస్తే నెలంతా మా ఇంటి ఫ్యాను కూడా వ్యాపారమే చేయాలి. ఇంటి పన్ను 2021 నుంచి ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. నివాసానికి ఒక రేటు, నివాసం కానిదానికి అంతకంటే ఎక్కువ రేటు. మరి శని, ఆదివారాల్లో వ్యాపారం చేసి సోమవారం నివాసమయ్యే గదిని ఏమనాలి? పోలీసుల లెక్కలో దిగినవాళ్ల వివరాలు, ఆధార్ కాగితాలు కావాలి. విదేశీయుడు దిగితే 24 గంటల్లో ఆ వివరం పంపాలి. జీఎస్టీ గురించి అడిగితే, ఏడాదికి ఇరవై లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ మూడు రోజులు నవ్వింది. నాలుగో రోజు పాలవాడికి చెప్పి అతన్నీ నవ్వించింది.

కేంద్ర పర్యాటక శాఖకు హోమ్‌స్టే పథకం కూడా ఒకటుంది. ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు. నగల దుకాణంలో లాగా గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. అందులో నాకు నచ్చిన మాట ఒకటి కనిపించింది: ఇంటి యజమాని కుటుంబంతో సహా అదే ఇంట్లో కాపురం ఉండాలి. పేజీలకు పేజీల నిబంధనల మధ్య ఆ ఒక్కటీ మా అమ్మ చెప్పిన మాటలా ఉంది. ఇంట్లో మనిషి లేకుండా చుట్టాన్ని దింపకూడదు అనేది ఆవిడ.

చుట్టాలంటే గుర్తొచ్చింది. మా ఇంటికి సంక్రాంతికి వచ్చిన అల్లుడు పన్నెండు రోజులు ఉన్నాడు. మిద్దె మీద పోర్షన్, ఏసీ, మూడు పూటలా వంట, వెళ్లేటప్పుడు బట్టలు. ఏ శాఖా రాలేదు. అదే గదిలో ఒక పరాయివాడు ఒక్క రాత్రి ఉండి డబ్బులిస్తే ఐదు శాఖలు కళ్లజోళ్లు సర్దుకుంటాయి. నష్టం చేసే అతిథికి నిబంధన లేదు, డబ్బిచ్చే అతిథికే ఉంది. ఈ మాట అల్లుడు చదవడని తెలిసే రాస్తున్నాను.

ఈ తంటా మనదే అనుకుంటే పొరపాటు. ఈ యాప్‌ల వ్యాపారానికి మూలపురుషులైన ఎయిర్‌బీఎన్‌బీ వాళ్లు 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటి అద్దె కట్టలేక, గాలి పరుపులు పరిచి అద్దెకిచ్చారు. మా ఇంట్లో చాపలు వేసినట్టే. తేడా ఏమిటంటే, వాళ్లు కోటీశ్వరులయ్యారు, నేను నాలుగు బిందెల బాకీదారుణ్నయ్యాను. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి గట్టి చట్టం అమలు చేస్తోంది. నెల లోపు అద్దెకిచ్చేవాడు పేరు నమోదు చేయించుకోవాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు, యజమాని ఇంట్లోనే ఉండాలి, లోపలి గదులకు తాళాలు వేయకూడదు. చూశారా, మా అమ్మ మాట న్యూయార్క్ దాకా పోయింది! స్పెయిన్‌లోని బార్సిలోనా మరీ ముందుకు పోయింది. 2028 నవంబరు నాటికి 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు ముగించేస్తామంది. ఉన్న ఇళ్లన్నీ రోజు అద్దెకు పోతే ఊళ్లో బతికేవాళ్లకు నెల అద్దెకు ఇల్లు దొరకడం లేదన్నది వాళ్ల గోడు.

బార్సిలోనా గోడు మార్కాపురంలో నాకెందుకని కొట్టిపారేసేవాణ్నే. కానీ ఆ వారమే ఒక టీచరమ్మ మా ఇంటి గేటు దగ్గర నిలబడింది. బదిలీ మీద కొత్తగా వచ్చింది, చంకలో బిడ్డ. "సార్, పైన ఖాళీ అన్నారు..." రోజు అద్దె లెక్క నా వేళ్ల మీద ఉంది. "లేదమ్మా, అది గెస్టులకు" అన్నాను. ముప్పై మూడేళ్లు పంతులుగా చేసి, ఒక పంతులమ్మకు ఇల్లు లేదని చెప్పడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. ఆవిడ ఏమీ అనలేదు. చంకలో బిడ్డను ఇటునుంచి అటు మార్చుకుని ఎండలో పక్క వీధికి నడిచింది.

ఆ రాత్రి లెక్క మళ్లీ వేశాను. ఈసారి ట్యాంకరు, కరెంటు, దుప్పట్ల ఉతుకు, ఎదురింటి అరుగు, అన్నీ కలిపి. టీచరమ్మకైతే నీళ్లు ఏ రోజు వస్తాయో వారంలో తెలిసిపోతుంది, మోటారు ఎప్పుడు ఆపాలో ఒకసారి చెబితే చాలు. మర్నాడు మా ఆవిణ్ని వెంటబెట్టుకుని వెళ్లి, టీచరమ్మను అడిగి తీసుకొచ్చాం. ఇప్పుడు పైన టీచరమ్మ కాపురం. గేటు పడి వెనక్కి వచ్చినవాళ్లు ఎవరైనా బతిమాలితే కింద ముందు గది ఇస్తాం, నెలకు మహా అయితే రెండుసార్లు. అబ్బాయి యాప్‌లో ఆ పేజీ తీసేశాడు. నల్లమల అందాలు మాత్రం వాన పడ్డప్పుడల్లా టీచరమ్మ ఉచితంగా చూస్తోంది.

ఆ ముందు గది గోడకు ఒక మార్కాపురం పలక తగిలించాను. దాని మీద బలపంతో నాలుగు ముక్కలు: దిగినవారి పేర్లు పుస్తకంలో రాయాలి. మనిషికి రెండు బకెట్లు. రాత్రి పది తర్వాత చప్పుడు వద్దు. ఇంటివాళ్లు ఇంట్లోనే ఉంటారు.

చట్టాలు చేసే పెద్దలకు నాదొక మనవి. ఇల్లుగలవాడి హక్కు, పక్కింటివాడి నీళ్లు, వచ్చినవాడి భద్రత, ఈ మూడూ కాపాడే చట్టం ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. ఐదు బల్లల దగ్గర ఐదు కాగితాలు కాకుండా, ఒక చోట ఒక పలక మీద పట్టేట్టు రాయండి. పలక కావాలంటే మేం పంపిస్తాం, మా ఊళ్లో ఇంకా దొరుకుతాయి.

ఇక శ్రీశైలం వెళ్లే పాఠకులకు ఒక్క మాట. దోర్నాల గేటు రాత్రి తొమ్మిదికి పడుతుంది. పొద్దున్నే బయల్దేరండి. స్నానం ఇంట్లోనే చేసి రండి.