తీర్పు ముందు, విచారణ తరువాత

రాయ్‌పూర్‌లో బలోదాబజార్ రోడ్డు మీది మోవాలో, స్థానికులు ఠేలా అని పిలిచే టీ బండ్ల దగ్గర ప్రతి ఉదయం కొలువుదీరే న్యాయస్థానం, బిలాస్‌పూర్‌లోని హైకోర్టు కంటే అనేక విధాల మెరుగైనదని ఒప్పుకోక తప్పదు. అక్కడ సమన్లు లేవు, వాయిదాలు లేవు, పెండింగు కేసులు అసలే లేవు. పత్రికలో శీర్షిక చదవడంతో విచారణ పూర్తవుతుంది, గ్లాసులో టీ చల్లారేలోపు శిక్ష ఖరారవుతుంది. ఇరుపక్షాల మాటా విన్న తరువాతే తీర్పు చెప్పాలన్న నియమాన్ని న్యాయశాస్త్రం సహజ న్యాయసూత్రం అంటుంది గానీ, ముద్దాయి ఎన్నడూ ఆ బండి దగ్గరకు టీకి రాడు కనుక ఈ బెంచికి దానితో అవసరం పడలేదు.

ఇంతటి సామర్థ్యం ముందు అసలు కోర్టులు ఎంత వెనుకబడి ఉన్నాయో తెలియడానికి అదే నగరంలోని ఒక కేసు చాలు. ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న 1986లో, రోడ్డు రవాణా సంస్థ రాయ్‌పూర్ కార్యాలయంలో బిల్లులు చూసే గుమాస్తా ఒకరు, బకాయిల కోసం తిరుగుతున్న తోటి ఉద్యోగి నుంచి 100 రూపాయల లంచం తీసుకున్నారంటూ లోకాయుక్త వలపన్ని పట్టుకుంది. ఇలాంటి వలలో నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్లపొడి పూస్తారు; ఆ నోటు తాకిన వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీటిలో ముంచితే నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. నోటుకూ చేతికీ తాకిడి జరిగిందని మాత్రమే ఆ రంగు చెప్పగలదు. అడిగి పుచ్చుకున్నదా, బలవంతంగా జేబులో కుక్కినదా అన్నది చెప్పగల రసాయనం ఇంతవరకు లేదు. అయితే తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అనే లోకానికి ఆ పాటి రంగు సరిపోతుంది.

కింది కోర్టు 2004లో ఆ గుమాస్తాకు ఏడాది జైలు, 1,000 రూపాయల జరిమానా విధించింది. హైకోర్టు 2025 సెప్టెంబరులో ఆ తీర్పును కొట్టివేసింది. లంచం అడిగినట్లు రుజువు లేకుండా నోటు దొరికినంత మాత్రాన నేరం నిలవదని, 2022లో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా స్పష్టం చేసి ఉంది. ఈ కేసులోనైతే, ఫిర్యాదుదారు వెంట ఉండి జరిగింది చూడవలసిన ఛాయా సాక్షి సైతం తాను సంభాషణ వినలేదని ఒప్పుకున్నారు.

కథ మొత్తం వినడానికి కోర్టులకు 39 ఏళ్లు పట్టగా, వీధి దానిని తొలిరోజే ముగించింది. గుమాస్తా సస్పెండయ్యారు, సగం జీతంతో రీవాకు బదిలీ అయ్యారు. ఇరుగుపొరుగు పలకరించడం మానేశారు. ఫీజు కట్టలేక పిల్లల చదువు కుంటుపడింది. కింది కోర్టు శిక్షకు అప్పీలు ఉంది కాబట్టి అది రద్దయింది. వీధి వేసిన శిక్షకు అప్పీలు లేదు కాబట్టి అది పూర్తిగా అమలైంది.

ఇంత జరిగాక లోకం బుద్ధి తెచ్చుకుంటుందని ఆశించేవారికి ఠేలా సంప్రదాయం తెలియదనుకోవాలి. నిర్దోషి అన్న వార్త చదివిన నోటితోనే, అయితే ఆ ఫిర్యాదుదారుడే దొంగ అని రెండో తీర్పు చెప్పడం దానికి క్షణం పని. ఒకరిపై నేరం రుజువు కాకపోతే అది మరొకరి నేరానికి రుజువు కాదన్న సంగతి అక్కడ ఎవరూ లేవనెత్తరు. పొరపాటు దిద్దుకునే పద్ధతిలో కూడా పాత పొరపాటే కనిపిస్తుంది, మారేది ముద్దాయి పేరు ఒక్కటే.

కనుక న్యాయవ్యవస్థలో తక్షణం అవసరమైన సంస్కరణలు రెండు: కోర్టులు వాయిదాలు తగ్గించుకోవాలి, ఠేలాలు వాయిదాలు వేయడం నేర్చుకోవాలి.