ఐదంతస్తుల లిఫ్టు కథ

హైదరాబాదు శివారులో స్టిల్టు మీద ఐదంతస్తులు లేపిన ఒక అపార్ట్‌మెంటులో తిరిగే లిఫ్టు ఈ కథకు నాయకుడు. దాని వంశం న్యూయార్కులో మొదలైంది. తాళ్ళతో బరువులు లేపే యంత్రాలు అంతకుముందే ఉన్నా, తాడు తెగుతుందన్న భయంతో మనుషులు వాటిని ఎక్కడానికి జంకేవారు. 1854లో ఎలిషా ఓటిస్ ఒక ప్రదర్శనలో తానే వేదిక మీద నిలబడి, పైనున్న తాడు నరికించాడు. వేదిక కాస్త జారి ఆగిపోయింది. 1857లో బ్రాడ్వే వీధిలోని ఐదంతస్తుల హౌవౌట్ దుకాణంలో కొనుగోలుదారుల కోసం లిఫ్టు నడిచింది. అంతవరకు మెట్లెక్కే కష్టం వల్ల పై అంతస్తులకు అద్దె తక్కువ. లిఫ్టు వచ్చాక గాలీ వెలుతురూ ఎక్కువగా ఉండే ఆ ఇళ్ళకే గిరాకీ పెరిగింది. ఇళ్ళ యజమానులకు లిఫ్టు చేసిన మొదటి మేలు ఇదే.

ఈ లిఫ్టు ఆరుగురిది. మనిషికి 68 కిలోల లెక్కన లోపల 408 కిలోలని రాసి ఉంటుంది. ఏతానికి వెనక కట్టిన బరువులా, దీనికి అవతలి పక్క ఇనుప దిమ్మెలు వేలాడతాయి. మోటారు లాగేది ఆ రెండు బరువుల తేడానే. మొదట్లో దీనికి గ్రిల్ తలుపు ఉండేది. మూడో అంతస్తులో ఎవరైనా దాన్ని సరిగా వేయకపోతే అక్కడే ఆగిపోయేది. "లిఫ్టు తలుపు వెయ్యండమ్మా!" అన్న కేక మెట్ల వెంట పైకి పాకేది. తర్వాత యజమాని ఆటోమేటిక్ తలుపులు పెట్టించాడు.

టులెట్ బోర్డు చూసి వచ్చినవారు ఇల్లు చూడకముందే, లిఫ్టులోనే, వాచ్‌మన్‌ను నీళ్ళ సంగతి అడుగుతారు: "మంజీరా ఉందా, బోరేనా?" మంజీరా నీళ్ళు నగరానికి 1965 నుంచీ వస్తున్నాయి, కృష్ణా, గోదావరి జలాలు ఈ శతాబ్దంలో తోడయ్యాయి. బోరు నీళ్ళలో కాఠిన్యం ఎక్కువైతే కుళాయి మూతి మీద, గీజరు లోపల తెల్లని పొర కడుతుంది. అద్దె ఇళ్ళలో కాలం గడిపినవారు హాలు కంటే ముందు బాత్రూం కుళాయి చూసేది ఇందుకే. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. వేరే నీరు దొరకని చోట 2,000 వరకు ఒప్పుకుంటుంది. వేసవిలో బోరు ఎండితే ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో పడుతుంది. పెద్ద సంపు, పనిచేసే ఇంకుడు గుంత, మునిసిపల్ కనెక్షన్ ఉన్న ఇల్లు ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు.

నీళ్ళ తర్వాత కరెంటు. స్టిల్టులోని డీజిల్ జనరేటరు లిఫ్టును, నీళ్ళ మోటారును, మెట్ల దీపాలను నడిపి, ఫ్లాటుకు ఒక ఫ్యాను, ఒకటి రెండు లైట్లు ఇస్తుంది. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అది చాలదు. వైఫై, కంప్యూటరు ఆగకుండా ఉంటాయంటేనే అడ్వాన్స్ ఇస్తాడు. జనరేటరు అందుకునే లోపు లోపల చిక్కుకున్నవారి కోసం ఈ లిఫ్టుకు బ్యాటరీతో పనిచేసే రక్షణ పరికరం కూడా పెట్టారు. కరెంటు పోగానే అది లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తెరుస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు ఇంట్లో ఉన్నవారికి ఇది జిమ్ కంటే, క్లబ్‌హౌస్ కంటే ముఖ్యమైన వసతి. ఐదంతస్తుల భవనంలో యజమాని ముందుగా డబ్బు పెట్టవలసింది ఇలాంటి వాటి మీదే.

వసతి చూసి అద్దెదారు వస్తాడు. అది రోజూ పనిచేస్తేనే ఉంటాడు. లిఫ్టుకు సంవత్సరం పొడవునా సర్వీసింగ్ ఒప్పందం ఉండాలి: తాళ్ళ అరుగుదల, బ్రేకు, తలుపు సెన్సార్లు మెకానిక్ చూసి వెళ్ళాలి. మెయింటెనెన్స్ సొమ్ము చాలక ఈ ఒప్పందం ఒకసారి ఆగిపోయింది. లిఫ్టు తరచు మొరాయించింది. పై అంతస్తుల్లో రెండు కుటుంబాలు ఖాళీ చేశాయి. ఖాళీగా పోయిన నెలల అద్దె సర్వీసింగ్ ఖర్చును మించిపోయింది. కేంద్రం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం నీళ్ళు, విద్యుత్తు, పారిశుద్ధ్యం, పార్కింగుతో పాటు మెట్ల మీది, లిఫ్టులోని దీపాలను కూడా అత్యవసర సేవల్లో చేర్చింది. అద్దెదారుతో తగువు వచ్చిందని వాటిని నిలిపేయకూడదని చెప్పింది. ఆ నమూనాను అనుసరించి చట్టం చేసుకోవలసింది రాష్ట్రాలే.

వాచ్‌మన్ కుటుంబం, సీసీ కెమెరాలు, రోజూ చెత్త తీసుకెళ్ళే ఏర్పాటు, పడకగదిలో కబోర్డులు, ఏసీ పాయింటు మామూలయ్యాయి. ఇప్పుడు లిఫ్టులో కొత్తగా వినిపించే ప్రశ్న ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ గురించి. ఫ్లాటు మీటరు నుంచే స్టిల్టులోని పార్కింగు దాకా తీగ లాగి, భద్రమైన పాయింటు పెట్టిస్తే యజమాని ఖర్చు ఒక్కసారితో తీరుతుంది. వాడిన యూనిట్లు అద్దెదారు బిల్లులోనే పడతాయి.