క్యాప్టర్ మాట నేర్పే మాస్టార్లకు

ముందు డిక్షనరీ మూసెయ్యండి. అందులో 'బంధించినవాడు' అని ఒక్క ముక్క ఉంటుంది. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరం పిల్లలకి అది చాలదు.

వజ్రపుకొత్తూరు వైపు నుంచి టెక్కలి వచ్చి చదువుకునే ఓ పిల్లాడికి నేను 'పట్టుకున్నవాడు' అని చెప్పాను. వెంటనే లేచి నిలబడ్డాడు. "మా నాన్న చేపలు పడతాడు మాస్టారూ, ఆయనా క్యాప్టరేనా?" కాదన్నాను. కూర్చుని, 'నాన్న' అని రాసుకున్నది రబ్బరుతో రుద్దేశాడు. కాగితం చిరిగేదాకా రుద్దాడు. ఆ జవాబుకి నేను మార్కు వెయ్యాల్సింది. మీరు వెయ్యండి, తప్పని తెలిసే వెయ్యండి.

లాటిన్‌లో కాపెరె అంటే పట్టుకోవడం. క్యాప్చర్, క్యాప్టివ్ అక్కడివే. చేపలకి వాడే 'క్యాచ్' కూడా ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చిన ఆ ఇంటి మాటే. మన 'పట్టు' తీరూ అంతే: చేప పడతాం, చెరపడతారు, పట్టుబడతాం. పిల్లాడు మాట మూలాన్ని సరిగ్గానే తాకాడు, వాడుకలోనే తప్పాడు. పట్టినంత మాత్రాన క్యాప్టర్ కాడు, పట్టినదాన్ని తన చెరలో ఉంచుకోవాలి. 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాట సముద్రం బాగా ఎరిగినదే. యుద్ధంలో శత్రువు ఓడను పట్టుకున్నవాణ్ణి నౌకా న్యాయస్థానాలు ఇలాగే పిలిచేవి.

వాడుక చెప్పేటప్పుడు తటస్థంగా ఉండకండి. 193 కిలోమీటర్ల తీరం ఉన్నా సరైన హార్బరు లేక మన జిల్లా కళాసీలు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకెళ్తారు. అక్కణ్ణుంచి వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులని 2018 నవంబరులో పాకిస్తాన్ సముద్ర భద్రతా సిబ్బంది పట్టుకున్నారు. కరాచీ జైల్లో ఉంచారు. 20 మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. పట్టినవాళ్ళు సరిహద్దు దాటారంటారు, అరెస్టు అంటారు. తమని తాము క్యాప్టర్లమని ఎవరూ చెప్పుకోరు. ఆ మాట చెరలో ఉన్నవాడి నోట, వాడి కోసం గుమ్మంలో కూర్చున్నవాళ్ళ నోట పలుకుతుంది. 'నిర్బంధకుడు' అని బోర్డు మీద రాయకండి, ఈ తీరంలో ఎవరూ అనరు. 'మావోళ్ళని పట్టుకుపోయినోళ్ళు' అని రాయండి. ఇంగ్లీషులోనూ ఎక్కువగా బహువచనంలోనే, క్యాప్టర్స్ అని కనిపిస్తుంది.

క్యాప్టెన్‌కీ దీనికీ చుట్టరికం లేదు. అది 'తల' అనే అర్థమున్న కాపుట్ నుంచి వచ్చింది. అయినా రెంటినీ ఒకే పేజీలో రాయించండి. పడవకి పెద్ద అయిన తండేలు క్యాప్టెన్, ఆ పడవని ఆపి పట్టుకుపోయినవాడు క్యాప్టర్. నడిసముద్రంలో ఇద్దరూ ఒకే రోజు ఎదురుపడ్డారు కదా. పరీక్షలో కలిపేస్తారంటారా, కలపనివ్వండి.

స్పెల్లింగు ఆఖరున చెప్పండి: చివర ఓ, ఆర్.